ఆటసామాన్లకో చోటు – ఇంటి షెడ్డులో పొందిక



ఈ పూట మనం మాట్లాడుకోబోయే విషయం వినడానికి చిన్నదే. ఇంట్లో పిల్లల ఆటసామాన్లు ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నది. బంతి, బ్యాటు, హాకీ కర్ర, షటిల్ రాకెట్టు, బూట్లు, సైకిలు, చిన్నవాళ్ళ మూడు చక్రాల బండి – ఇవన్నీ కలిస్తే ప్రతి ఇంట్లోనూ ఒక చిన్న అంగడే అవుతుంది. ‘ఇందులో చెప్పుకోవడానికి ఏముంది, ఒక మూల పడేస్తే సరి’ అని మీరు అనుకోవచ్చు. అలా పడేసిన మూల పిల్లల ఆటను ఎలా చెడగొడుతుందో, ఒక్కోసారి ప్రాణం మీదికి ఎలా తెస్తుందో కాస్త ఆలోచించి చూద్దాం.

ముందుగా చోటు సంగతి. చాంపియన్ రీఫ్స్‌లో, మొత్తం కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో, పూర్వం దొరల బంగళాలకు మోటారు షెడ్లు ఉండేవి. గని కార్మికుల లైన్లలో మాత్రం తొలినాళ్ళలో తడికల ఇళ్ళు, ఆ తర్వాత ఒక గది, ముందొక చిన్న వసారా. కారు లేదు, కారుకు ఇల్లూ లేదు. ఇప్పుడు చాలామంది ఇంటి ముందో, పక్క సందులోనో నాలుగు రేకులు దించి షెడ్డు వేసుకున్నారు. అందులో స్కూటరో, మోటారు సైకిలో ఉంటుంది. దానితో పాటు గ్యాసు సిలిండరు, నీళ్ళ డ్రమ్ములు, పాత పెట్టెలు, సున్నం డబ్బా, వాటి మధ్యన పిల్లల ఆటసామాన్లు. రాబర్ట్‌సన్‌పేటలో కారు షెడ్డున్న ఇల్లయినా, అండర్సన్‌పేటలో స్కూటరు పట్టే సందయినా, చిక్కు మాత్రం ఒకటే. అది బండి కోసం వేసిన చోటు. దాన్ని పిల్లలు కూడా వాడుకుంటున్నారు. ఇద్దరికీ గొడవ లేకుండా ఎలా పంచాలి అన్నదే అసలు ప్రశ్న.

మన వైపు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 2001 ఫిబ్రవరి 28న గనుల పని ఆగిపోయాక, చాలా ఇళ్ళకు సంపాదన బెంగళూరు నుంచే రావాల్సి వచ్చింది. తెల్లవారీ తెల్లవారకముందే మారికుప్పంలోనో, చాంపియన్‌లోనో, ఊరుగాంలోనో రైలెక్కి పోయే తల్లిదండ్రులు ఎందరో. వాళ్ళు తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. సాయంత్రం నాలుగున్నరకు బడి వదిలి వచ్చిన పిల్లవాడు, ‘అమ్మా, నా బాలు యాడ పెట్టినావే?’ అని అడగడానికి అమ్మ ఇంట్లో ఉండదు. అవ్వ ఉంటుంది. అవ్వకు కళ్ళు సరిగా ఆనవు. వెతికి వెతికి వేసారిన పిల్లవాడు టీవీ ముందో, సెల్‌ఫోన్ ముందో కూర్చుంటాడు. మైదానం దగ్గరే ఉంటుంది, ఈడు పిల్లలూ ఉంటారు, బంతి మాత్రం కనబడదు. అంచేత మొదటి సూత్రం ఇది: పిల్లల వస్తువు పెద్దల సాయం లేకుండా పిల్లల చేతికి అందాలి. ఇంకో సూత్రం: పిల్లల చేతికి అందకూడనిది ఎంత వెతికినా అందకూడదు. ఈ రెండూ గుర్తుంటే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

ఇక పనిలోకి దిగుదాం. ఒక ఆదివారం ఉదయం పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని షెడ్డులో ఉన్న సామాను మొత్తం బయట పెట్టండి. సగం బయటికి తీసి, సగం లోపల ఉంచి సర్దితే ప్రయోజనం లేదు. బయట పరిచిన సామాన్లను నాలుగు కుప్పలు చేయండి. రోజూ వాడేవి ఒక కుప్ప. అప్పుడప్పుడు, అంటే సెలవుల్లోనో పోటీల సమయంలోనో వాడేవి రెండోది. పిల్లలకు చిన్నవైపోయినవి మూడోది. విరిగినవి, పనికిరానివి నాలుగోది. పిల్లల్ని అడగకుండా దేన్నీ నాలుగో కుప్పలో వేయకండి. మనకు విరిగిన బొంగరంలా కనబడేది వాడికి పందెంలో గెలిచిన బొంగరం కావచ్చు. ఒక్కొక్కరికీ ఒక చిన్న రేకు డబ్బా ఇచ్చి, ‘ఇందులో నీ ఇష్టం వచ్చినవి పెట్టుకో, మేము అడగం’ అనండి. గోళీలు, బొంగరాలు, అచ్చనగండ్లు, తొక్కుడుబిళ్ళ రాళ్ళు అన్నీ అందులో పట్టిపోతాయి. డబ్బా నిండితే ఏది తీసేయాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయం నేర్చుకోవడం కూడా చదువే.

తర్వాత గోడను చూడండి. మనం ఎప్పుడూ నేలనే చూస్తాం, అందుకే చోటు లేదంటాం. పది అడుగుల పొడవున్న ఒక్క గోడ చాలు. దాన్ని నిలువుగా మూడు పట్టీలుగా ఊహించుకోండి. నేల నుంచి మన మోకాలి దాకా ఒక పట్టీ. అక్కడ బరువైనవి, చక్రాలున్నవి. మోకాలి నుంచి చిన్న పిల్లవాడు చెయ్యెత్తితే అందే దాకా రెండో పట్టీ. రోజూ వాడే ఆటసామాన్ల చోటు ఇదే. ఆ పైన మూడో పట్టీ. అక్కడ అప్పుడప్పుడు వాడేవీ, పెద్దలవీ. ఆరు నెలలకోసారి వాడేవి అటక మీదికి పోవచ్చు. పిల్లవాడు ఎక్కి అందుకోవాల్సిన చోట వాడి వస్తువు పెడితే, వాడు తప్పకుండా ఎక్కుతాడు. స్కూటరు సీటు మీద నిలబడతాడు, డ్రమ్ము మీద నిలబడతాడు. కాబట్టి పడిపోతే తప్పు వాడిది కాదు, మన అమరికది.

సామాన్లు పెట్టడానికి కొత్త అలమరలు కొననక్కర్లేదు. మన పెద్దలు వాడిన వస్తువులే ఈ పనికి బాగా పనికివస్తాయి. పాత ఇళ్ళల్లో గోడకు చిలక్కొయ్యలు ఉండేవి, చొక్కాలు తగిలించడానికి. అలాంటివి ఒక చెక్కపట్టీకి ఆరు బిగించి గోడకు కొడితే రాకెట్లు, స్కిప్పింగ్ తాళ్ళు, సంచులు, హెల్మెట్లు వేలాడతాయి. పెరుగు కుండకు ఉట్టి కట్టేవారు గుర్తుందా? ఆ ఉట్టే బంతులకు తగినది. వలలా అల్లిన తాడు సంచిలో ఫుట్‌బాలూ, వాలీబాలూ వేసి కొక్కానికి తగిలిస్తే దొర్లిపోవు, గాలి ఆడుతుంది, ఏది ఎక్కడుందో బయటికి కనబడుతుంది. కాకపోతే ఈ ఉట్టి కృష్ణుడు కొట్టేంత ఎత్తులో వద్దు, పిల్లవాడి భుజం ఎత్తులో చాలు. బ్యాట్లు, హాకీ కర్రలు, వికెట్లు నిలబెట్టడానికి అడుగున చిన్న రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ డ్రమ్ము సరిపోతుంది. ఒక ఇటుక మీద ఎత్తుగా పెట్టి, మధ్యలో తాడుతో గోడకు కట్టేయండి, ఒరగదు. నిలువు అలమర ఉంటే దాన్ని కూడా పైన ఒక మేకు, ఒక తీగతో గోడకు బిగించాలి. పిల్లలు అరల మీద కాలు పెట్టి ఎక్కినప్పుడు అలమర మీద పడే ప్రమాదం ఎక్కడైనా ఉన్నదే.

ఇప్పుడు ఒక్కొక్క వస్తువు మర్యాద చెప్పుకుందాం. రేకుల షెడ్డు ఏప్రిల్, మే నెలల్లో నిప్పుల కొలిమి. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే తేమ. ఈ రెండూ ఆటసామాన్లకు శత్రువులే. విల్లో చెక్క బ్యాటును రేకు కింద పైకి పెడితే ఎండకు పగులుతుంది. సంవత్సరానికి ఒకటి రెండు సార్లు, పై పూత లేని బ్యాటుకు అవిసె నూనె పలుచగా, గుడ్డతో రాసి, అడ్డంగా పడుకోబెట్టి ఆరనివ్వాలి. పిడి చొప్పించిన అతుకు దగ్గర మాత్రం నూనె తగలకూడదు, బంక వదులవుతుంది. తోలు బంతి తడిస్తే నీడలోనే ఆరాలి, పొయ్యి దగ్గర కాదు. ఫుట్‌బాలు నెలల తరబడి ఆడకపోతే కొంచెం గాలి తీసి ఉంచండి. గాలి కొట్టే ముందు సూదిని తడి చేయండి, పొడిగా గుచ్చితే లోపలి వాల్వు చినుగుతుంది. ఆ సూది ఎప్పుడూ పోయేదే కాబట్టి, పంపుకే దారంతో కట్టేయండి. రాకెట్టును బరువుల కింద పెడితే వంకర పోతుంది, వేలాడదీయడమే మేలు. క్యారమ్ బోర్డు గోడకు చేరగిలబెడితే నెమ్మదిగా వంగుతుంది. దాన్ని సమంగా ఉన్న చోట పడుకోబెట్టాలి, లేదా రెండు కొక్కాలకు నిటారుగా తగిలించాలి. క్యారమ్‌కు వాడే పౌడరు చాలావరకు బోరిక్ పౌడరే, కడుపులోకి పోతే విషం. పాకే పిల్లలున్న ఇంట్లో అది మూడో పట్టీలోకి పోవాలి.

కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు, చేతి గ్లౌజులు ఆట కాగానే సంచిలో కుక్కకూడదు. చెమట లోపలే ఉండి బూజు పడుతుంది, చర్మానికి దురద. ఒక రాత్రి కొక్కానికి వేలాడి ఆరాకే సంచిలోకి పోవాలి. తడిసిన బూట్లలో పాత పేపర్లు ఉండచుట్టి కుక్కితే తేమ పీల్చుకుంటాయి. పురుగులు పట్టకుండా కలరా ఉండలు వేసే అలవాటు మనవాళ్ళలో ఉంది. అవి పిప్పరమెంట్ల లాగా తెల్లగా ఉంటాయి. చిన్నపిల్లలు నోట్లో వేసుకుంటారు. కొందరు పిల్లలకు పుట్టుకతో ఉండే ఒక లోపం వల్ల వాటితో రక్తకణాలు పగిలిపోయి ప్రమాదం కూడా అవుతుంది. పిల్లల సామాన్లలో కలరా ఉండలు వద్దేవద్దు. బ్యాటరీతో నడిచే బొమ్మలను పక్కన పెట్టేటప్పుడు సెల్స్ తీసేయండి. బొత్తాంలాంటి చిన్న సెల్ పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని కొద్ది గంటల్లోనే కాల్చేస్తుంది, ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సైకిలు హెల్మెట్టు గురించి ఒక మాట. దాని లోపల ఉండేది థర్మోకోల్‌లాంటి నురగ. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలితే లోపలే నలిగిపోతుంది, పైకి కనబడదు. అలాంటిది దాచుకుని తమ్ముడికి ఇవ్వకూడదు. పెట్రోలు, కిరోసిను తగిలినా ఆ నురగ పాడవుతుంది. అంచేత హెల్మెట్లు బండి నూనెలకు దూరంగా ఉండాలి.

ఇక చాంపియన్ రీఫ్స్‌కు ప్రత్యేకమైన సంగతి. మన చుట్టూ గుట్టల్లా కనబడే సైనైడ్ దిబ్బలు ఎలా వచ్చాయో మీకు తెలుసు. గనిలోంచి తెచ్చిన రాయిని పిండిలా నూరి, సైనైడ్ ద్రావణంతో బంగారం తీసుకోగా మిగిలిన రాతిపిండి అది. గాలి తోలే రోజుల్లో ఇళ్ళ మీదికి లేచి వస్తుంది. ఆ పిండిలో సిలికా ఉంది. సిలికోసిస్ అనే మాట ఈ ఊరి పెద్దలకు కొత్తది కాదు, ఆ దగ్గు వినని లైను లేదు. తాతలు గనిలో పీల్చింది మనవలు షెడ్డులో పీల్చకూడదు. కాబట్టి పిల్లల్ని ఆ దిబ్బల మీద ఆడుకోనివ్వకండి. మైదానం నుంచి వచ్చిన బూట్లు గుమ్మం బయటే ఆగాలి. షెడ్డు వాకిట్లో ఒక తడి గోనెపట్టా, పక్కన బూట్ల కోసం ఒక చెక్కపీట ఉంటే పిల్లలకు అలవాటవుతుంది. షెడ్డును పొడి చీపురుతో ఊడిస్తే ధూళి లేచి బంతుల మీద, గ్లౌజుల మీద పడి మళ్ళీ ముక్కులోకే చేరుతుంది. ముందు నీళ్ళు చల్లి ఊడవండి, అరలను తడిగుడ్డతో తుడవండి.

మన నేల రాతినేల, తేళ్ళకు కొదవ లేదు. తేలుకు చీకటి కావాలి, సందు కావాలి. మూల పడేసిన ప్యాడ్లు, బోర్లించిన బూట్లు దానికి ఇల్లే. అందుకే ఏ వస్తువయినా నేలకు జానెడు ఎత్తులో ఉండాలని నేను చెప్పేది. బూటు తొడుక్కునే ముందు దులపడం పిల్లలకు పళ్ళు తోముకున్నట్టు అలవాటు కావాలి. ఒకవేళ కుడితే మంత్రాలతో పొద్దు గడపకండి. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఎర్రతేలు కాటుకు ప్రజోసిన్ అనే మందు ఎంత మేలు చేస్తుందో 1980ల్లోనే చూపించారు. మందు ఉంది, కానీ వేళకు అందాలి. చిన్నపిల్లలకు ఆ విషం పెద్దలకన్నా ఎక్కువ ప్రమాదం.

షెడ్డులో బండి కూడా ఉంటుందని అనుకున్నాం కదా. పెట్రోలు, బ్యాటరీ నీళ్ళు, ఫినాయిలు, ఎలుకల మందు – వీటికి తాళం ఉన్న ఒక పెట్టె, అది కూడా పైన. వీటిని ఎన్నడూ కూల్‌డ్రింకు సీసాల్లో పోయకండి. ఆడి అలిసి వచ్చిన పిల్లవాడు దాహంతో మూత తీసి తాగేస్తాడు, చదివి చూడడు. మూసిన షెడ్డులో బండి స్టార్టు చేసి ఉంచకూడదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. కారున్న వాళ్ళు ఇంకొకటి గమనించండి. పిల్లల సామాన్లు షెడ్డు లోపలి చివర ఉంటే, బంతి కోసం పిల్లవాడు కారు వెనక నుంచి దూరి పోవాలి. అదే సమయానికి మనం కారు వెనక్కి తీస్తే చిన్నపిల్లవాడు అద్దంలో కనబడడు. అందుకే రోజువారీ ఆటసామాన్లు ఎప్పుడూ తలుపు పక్కనే, బండి కదిలే దారికి దూరంగా ఉండాలి.

వస్తువులు తీసుకున్నవాళ్ళు తిరిగి పెట్టరు అన్నది అన్ని ఇళ్ళల్లోనూ వినే మాట. దీనికి గనుల నుంచే ఒక ఉపాయం తీసుకోవచ్చు. ప్రపంచంలో చాలా గనుల్లో దిగే ప్రతి మనిషికీ నంబరు వేసిన ఒక లోహపు బిళ్ళ ఉండేది. బోర్డు మీద బిళ్ళ చూస్తే ఎవరు కింద ఉన్నారో, ఎవరు పైకి వచ్చారో తెలిసేది. 3 కిలోమీటర్లకు పైగా లోతుకు పోయిన చాంపియన్ రీఫ్ గని నీడలో ఉన్న మనకు, లెక్క తప్పితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఇంట్లో కూడా అదే చేద్దాం. ఒక్కొక్క పిల్లవాడికీ ఒక రంగు బిళ్ళలు నాలుగు ఇవ్వండి. పాత సీసా మూతలకు రంగు వేసి తాడు కట్టినా చాలు. రాకెట్టు తీసుకున్నవాడు ఆ కొక్కానికి తన బిళ్ళ తగిలిస్తాడు. తిరిగి పెట్టాక బిళ్ళ తీసుకుంటాడు. చీకటి పడ్డాక కొక్కానికి ఎర్ర బిళ్ళ ఉందంటే, రాకెట్టు మైదానంలో మిగిలిపోయిందన్నమాట. అరవక్కర్లేదు, బిళ్ళ వైపు వేలు చూపిస్తే చాలు. ప్రతి కొక్కెం వెనక గోడ మీద ఆ వస్తువు ఆకారం సుద్దతో గీసి ఉంచితే, మాటలు రాని పిల్లవాడు కూడా ఏది ఎక్కడ పెట్టాలో తెలుసుకుంటాడు.

పెట్టెల మీద పేర్లు రాసే పని కూడా పిల్లలకే అప్పగించండి. మన పిల్లలు బడిలో కన్నడమో, ఇంగ్లీషో చదువుతారు. వీధిలో తమిళం మాట్లాడతారు. తెలుగు ఇంట్లో వింటారు గాని చాలామందికి రాయడం రాదు. పెట్టె మీద ‘బంతులు’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, పక్కన కన్నడంలో రాయనివ్వండి. రోజూ కళ్ళబడే పది మాటలు ఒక వాచకంతో సమానం. పైగా ఒక తమాషా ఉంది. తెలుగు బంతి తమిళంలో పందు, కన్నడంలో చెండు. ఆ చెండు మనకూ ఉంది, పూలచెండు అంటాం కదా. తెలుగు పెట్టె తమిళంలో పెట్టి, కన్నడంలో పెట్టిగె. షెడ్డు సర్దుతూ సర్దుతూ మూడు భాషలూ అక్కచెల్లెళ్ళని పిల్లలకు తెలిసిపోతుంది.

ఇకపోతే పంపకం. గోడ మీద చోటు పంచేటప్పుడు అబ్బాయికి ఆరు కొక్కాలు, అమ్మాయికి ఒకటి అన్నట్టు ఉండకూడదు. చాలా ఇళ్ళల్లో ఆడపిల్లకు ఒక స్కిప్పింగు తాడు, మిగతా గోడంతా తమ్ముడిది. బడిలో ఖోఖో, కబడ్డీ బాగా ఆడే అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మానేయడం ఉపాధ్యాయులుగా మేము చూస్తూనే ఉంటాం. ఇంట్లో తన పేరున ఒక కొక్కెం, దానికి తన బూట్ల సంచి ఉండడం చిన్న విషయంలా కనబడుతుంది. కానీ ఆ కొక్కెం ‘నీ ఆట కూడా ఈ ఇంటి ఆటే’ అని ఆ పిల్లకు రోజూ చెబుతుంది.

చిన్నవైపోయిన సామాన్ల కుప్ప ఒకటి మిగిలింది. ఫుట్‌బాలులో సుమారు 8 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు 4వ నంబరు బంతి, ఆ పైవాళ్ళకు 5వ నంబరు. హాకీ కర్ర నిలబెడితే నడుము ఎముక దాకా రావాలి. పొట్టిదైపోతే పిల్లవాడు వంగి వంగి ఆడి నడుము నొప్పి తెచ్చుకుంటాడు. అలాంటివి దాచుకోవడం వల్ల లాభం లేదు. తమ్ముడు, చెల్లెలు ఉంటే సరే. లేకపోతే పక్కింటి పిల్లలకో, దగ్గరి సర్కారు బడికో ఇచ్చేయండి. ఇచ్చేది మన పిల్లవాడి చేతుల మీదుగా, తుడిచి, బాగుచేసి ఇవ్వండి. పాతది ఇస్తున్నాం కదా అని విరిగింది ఇవ్వకూడదు.

చివరగా, ఒకసారి సర్దితే చాలదు. వారానికి ఒకరోజు పది నిమిషాలు, పిల్లలే చేయాలి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, వేసవి సెలవులకు ముందొకసారి, అందరూ కలిసి మొత్తం దించి చూడాలి. ఈ వారమే అన్నీ కాకపోయినా, రెండు పనులు మాత్రం చేయండి. విషపు సీసాలు పైకి ఎక్కించి తాళం వేయండి. రోజూ ఆడే బంతిని తలుపు పక్కకు, పిల్లవాడి చేతి ఎత్తుకు దించండి. మిగతావి వచ్చే ఆదివారం చూసుకోవచ్చు.